కత్తిని బయటికి పంపింది నేనే

అందరికీ నమస్కారం. మా షాపులో బాగుచేయడానికి ఇచ్చిన పాత కత్తి ఎప్పుడిస్తారని నెల రోజులుగా ఫోన్లు చేస్తున్నారు, నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నాను. పాత కస్టమర్ల దగ్గర ఈ దాగుడుమూతలు ఎందుకని జరిగింది రాస్తున్నాను.

సికింద్రాబాద్ పెద్దాయన ఒకరు బ్రిటిష్ పదాతి దళం ఆఫీసర్ కత్తి తెచ్చారు. వాళ్ళ ముత్తాతకి ఎవరో దొర వెళ్ళిపోతూ ఇచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారట. లండన్ కత్తుల కంపెనీ విల్కిన్సన్ తయారీ. తిన్నని అలుగు (పిడి కాక మిగిలిన ఉక్కు భాగం), దాని మీద ఆసిడ్‌తో వేసిన వి.ఆర్. అక్షరాలు, అంటే విక్టోరియా రాణి గుర్తు. పదాతి ఆఫీసర్లకి తిన్నని అలుగు వచ్చింది 1892లో, రాణి పోయింది 1901లో, కాబట్టి ఆ మధ్యదే. మన దగ్గరికి ఎక్కువగా వచ్చేవి ఏ గుర్తూ లేని తల్వార్లు. ఇంత తేలిగ్గా వయసు చెప్పే కత్తి వస్తే నాకు పండగే.

అలుగు మీద అక్కడక్కడా ఎర్ర తుప్పు ఉంది. చేతిలో పని ఎక్కువై, పదేళ్ళుగా మనకి పాలిష్ చేసే వర్క్‌షాప్‌కి పంపాను. పొడిలా రాలే ఎర్ర తుప్పు మాత్రమే తీయండి, నల్లబడిన చోట ముట్టుకోవద్దు, నూనె రాసి చేత్తోనే చేయండి, పాలిష్ మెషిన్ చక్రం పెట్టొద్దు అని కాగితం మీద రాసి పిడికి కట్టి మరీ పంపాను. తిరిగొచ్చేసరికి కొత్త స్టీలు గిన్నెలా మెరుస్తోంది. వి.ఆర్. లేదు, చుట్టూ ఉన్న లతల నగిషీ లేదు. "అన్నా, షైనింగ్ చూశావా" అని అక్కడి కుర్రాడు సంబరంగా అడుగుతుంటే నాకు నోట మాట రాలేదు. వాళ్ళ ఓనరైతే పాతది కొత్తగా చేసిచ్చాం, ఇంకేం కావాలి అన్నాడు. కూలి డబ్బులు వెనక్కి ఇస్తాడట! ఆ డబ్బులు నేనేం చేసుకోను?

అదే కత్తులకి పేరుపడ్డ మన తెలంగాణ కోనసముద్రం ఉక్కులాంటి దానితో చేసిన తల్వార్ అయితే ఇంత బాధ ఉండేది కాదు. అందులో అలల జాడ లోహం లోపలి దాకా ఉంటుంది, బాగా వేడెక్కి చెడకపోతే మళ్ళీ ఆసిడ్ తగిలించి పైకి తేవచ్చు. ఇది పైపై గీత, పోతే పోయినట్టే.

పెద్దాయన మాత్రం "పోనీ బాబూ, లేజర్‌తో మళ్ళీ వేయించెయ్, మా మనవలకి తేడా తెలుస్తుందా ఏంటి" అన్నారు. నిజం చెప్పాలంటే ఫొటోలున్నాయి, ఒక పూట పని. కత్తి రేటూ, నా పరువూ రెండూ నిలబడేవి. మూడు వారాలు సరిగ్గా నిద్రపోలేదు. చివరికి చేయనన్నాను. పదేళ్ళ తర్వాత ఎవరో అదే కత్తి మా షాపుకే తెస్తే, ఆ లేజర్ వి.ఆర్. చూసి 1892 నుంచి 1901 లోపుది అని నా సంతకంతో నేనే రాసిస్తాను కదా. ఆయనకి కోపమొచ్చింది. "తప్పూ నీదే, పంతమూ నీదేనా" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అయినా చేయను.

అలుగు వెన్ను (పదును లేని వైపు) మీది విల్కిన్సన్ నంబర్ మాత్రం బతికింది, చక్రం అక్కడ ఆనలేదు. దాన్ని బట్టి కంపెనీ పాత రిజిస్టర్లలో తయారైన ఏడు, చాలాసార్లు మొదట కొన్న ఆఫీసర్ పేరు కూడా దొరుకుతాయి. వెతికించే ఖర్చు నాదే. పాత ఫొటోలు, ఎలా పాడైందో రాసిన కాగితం కత్తితో పాటే ఇస్తాను.

ఇక ఏ కత్తీ మా గుమ్మం దాటదు. అన్నీ నేనే చేత్తో చేస్తాను, అందుకే ఒక్కోదానికి రెండు నెలలు. తొందరున్నవాళ్ళు వేరే చోట ఇచ్చుకోండి, ఏమీ అనుకోను (అనుకుంటాను, బయటికి చెప్పను).

ఈలోగా ఇంట్లో ఉన్నవాటిని తోలు ఒరలో దాచకండి, తోలు తేమ పీల్చి అలుగుని తినేస్తుంది. చేత్తో ముట్టుకున్నాక తుడిచి పల్చగా మినరల్ ఆయిల్ రాయండి, కొబ్బరి నూనె వద్దు. దసరాకి ఆయుధ పూజ చేసి పసుపు కుంకుమ పెడితే ఆ సాయంత్రమే తుడిచేయండి.

ఆ వర్క్‌షాప్ ఎవరిదని అడగొద్దు, చెప్పను.