బ్యూరెట్‌ని ఎందుకు కడుగుతాం?

పాలకొండ
2 మార్చి 2025

చి. అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది సగం, దాచింది సగం అని నాకు తెలుసు. అమ్మ పక్కనే ఉంది కాబట్టి నేనూ ఎక్కువ అడగలేదు. వీడియోలో మొహాలు చూసుకుంటూ మాట్లాడితే ఇద్దరం "బాగానే ఉంది, బాగానే ఉంది" అనుకుని పెట్టేస్తాం. అందుకే రాస్తున్నాను. ఈ పేజీలు ముందు ఫొటో తీసి పంపుతాను, కాగితం వెనకాల పోస్టులో వస్తుంది. నా మందుచీటీ రాత చదవడం నీకు అలవాటే కదా.

ముందు అమ్మ సంగతి. డిసెంబర్లో నీకు ప్రాక్టికల్స్‌లో 1.7 వచ్చిందంటే "అయ్యో, రెండు కూడా రాలేదా" అని రోజంతా దిగులుగా తిరిగింది. జర్మనీలో ఒకటి అంటే అందరికంటే పైన, నాలుగు దాటితే తప్పినట్టు అని చెప్పాక వీధి మొత్తానికి జంతికలు పంచింది. ఇప్పుడు ఈ పరీక్షలో వచ్చిన 5.0కి కూడా జంతికలు వండబోతుంటే ఇక ఆపి నిజం చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మళ్ళీ రాయనిస్తారా?" అని మాత్రం అడిగింది. రాయనిస్తారన్నాను. అంతే, లేచి వెళ్ళి పప్పులు వేయించడం మొదలుపెట్టింది. నీకు కందిపొడి వస్తుంది.

నువ్వన్న ఒక్క మాట నా చెవిలోంచి పోవడం లేదు. "నాన్నా, జవాబు నాకొచ్చు, ప్రశ్నే రాలేదు."

ప్రశ్నలో "లైటెన్" అన్న మాట కనపడగానే విద్యుత్ ప్రవహించడం గురించి అడుగుతున్నారనుకున్నానన్నావు. వాక్యం చివర విడిగా "హెర్" అని ఇంకో ముక్క ఉంది. ఆ రెండూ కలిస్తే "హెర్‌లైటెన్", అంటే సమీకరణాన్ని రాబట్టమని. ఆ చివరి ముక్క నీకు కనపడేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. క్రియని రెండుగా విరిచి ఒక ముక్క ముందు, ఒక ముక్క చివర పెట్టే భాష అది. విని నవ్వాలో బాధపడాలో తెలియలేదు. కానీ అమ్మలూ, మనమేం తక్కువ తిన్నాం? "నేను నిన్న ల్యాబ్‌లో ఆ ప్రయోగం" అని ఎవరైనా ఆగిపోతే చేశాడో, చెయ్యలేదో, చెడగొట్టాడో మనకీ తెలియదు. ఎదుటివాడు మాట పూర్తిచేసేదాకా ఆగడం పుట్టినప్పటినుంచీ మనకి అలవాటే. పరీక్ష హాల్లో నువ్వు జర్మన్‌ని ఇంగ్లీషులా చదివావు, మొదట్లోనే క్రియని పట్టుకుందామని. తెలుగులా చదువు. చివరిదాకా వెళ్ళి, అప్పుడు వెనక్కి రా.

ఇప్పుడు నా కథ. నీకెప్పుడూ చెప్పలేదు.

బీఎస్సీ దాకా నాది తెలుగు మీడియం. ఎమ్మెస్సీకి 1987లో విశాఖ వెళ్ళాను. మొదటి ప్రాక్టికల్ వైవాలో ఎగ్జామినర్ గారు చాలా నెమ్మదస్తుడు, సులువైన ప్రశ్నే అడిగారు. బ్యూరెట్‌ని, అదే ద్రావణాన్ని కొలిచి బొట్లుగా వదిలే గాజు గొట్టాన్ని, నీళ్ళతో కడిగాక, మళ్ళీ అందులో పోయబోయే ద్రావణంతో కూడా తొలుస్తాం కదా, మరి దాని కింద పెట్టే కోనికల్ ఫ్లాస్క్‌ని ఎందుకు అలా తొలవం అని. ఇంగ్లీషులో అడిగారు. నేను ఇంగ్లీషులోనే, చాలా ధైర్యంగా, "ఇట్ ఈజ్ ది రూల్ సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. మార్కులు మాత్రం నవ్వాయి.

హాస్టల్‌కి వచ్చి రూమ్మేట్ దగ్గర భాష మీద పడి ఏడ్చాను. "తెలుగులో అడిగితే చెప్పేవాణ్ణి కదరా" అని. వాడు మంచం మీంచి లేవకుండానే "సరే, తెలుగులో చెప్పు" అన్నాడు. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. బ్యూరెట్‌లో మిగిలిన నీటి తడి ద్రావణాన్ని పలచన చేస్తుంది, గాఢత మారిపోతుంది. ఫ్లాస్క్‌లో నీళ్ళున్నా పర్వాలేదు, ఎందుకంటే పిపెట్‌తో కొలిచి పోసిన పదార్థం ఎంతో అంతే ఉంటుంది. ద్రావణంతో తొలిస్తేనే లెక్కలోకి రానిది అదనంగా చేరుతుంది. ఈ నాలుగు ముక్కలు నాకు ఏ భాషలోనూ రావని ఆ రాత్రి తెలిసింది. డిగ్రీ మూడేళ్ళూ కడగమన్నచోట కడిగాను, వద్దన్నచోట మానేశాను.

ఆ పరీక్ష నువ్వూ పెట్టుకో. తప్పిన పేపర్లో ప్రతి ప్రశ్ననీ ముందు తెలుగులో, గదిలో ఒక్కదానివే, పైకి చెప్పుకో. తెలుగులో గడగడా వస్తే లోటు జర్మన్‌ది, అది నెల రోజుల్లో సర్దుకుంటుంది. తెలుగులోనే ఆగిపోతే పాపం ఆ జర్మన్‌ని తిట్టకు, పుస్తకం తియ్యి. రెండూ కొంచెం కొంచెం ఉంటాయని నా అనుమానం. ముప్ఫై ఏళ్ళుగా ఇంటర్ పిల్లల పేపర్లు దిద్దుతున్నవాణ్ణి, ఆ మాత్రం అనుమానించే హక్కు ఉంది.

ఇక నువ్వు దాచిన సంగతి. అన్నయ్య చెప్పేశాడు, వాణ్ణి ఏమీ అనకు. గ్రిన్యార్డ్ అనే చర్య చేస్తున్నప్పుడు బొట్టు బొట్టుగా వెయ్యమన్న మాట నీకు ఉత్తి "వెయ్యి" అని వినపడి, బ్రోమోబెంజీన్ అంతా ఒకేసారి మెగ్నీషియం మీద పోసేశావట. అది వేడెక్కి, అందులోని ఈథర్ ద్రావణి ఆవిరిని చల్లబరిచే కండెన్సర్ పైదాకా పొంగితే పక్కనున్న కుర్రాడు ఐస్ బాత్ పెట్టాడట. ఈథర్ ఎంత త్వరగా అంటుకుంటుందో నీకు నేను చెప్పాలా? పరీక్ష తప్పావంటే నాకు నిద్ర పట్టింది. ఇది విన్న రాత్రి పట్టలేదు.

తప్పు చెవిది కాదు, తలది. నువ్వు అర్థమైనా తల ఊపుతావు, కాకపోయినా ఊపుతావు. మన ఊళ్ళో ఆ ఊపుడికి పది అర్థాలున్నాయి. అక్కడివాళ్ళకి ఉన్నది ఒకటే, అర్థమైందని. కాబట్టి ల్యాబ్‌లో తల ఊపడం మానెయ్యి. "నోహ్‌మాల్, బిట్టె" అను, ఇంకోసారి చెప్పమని. తర్వాత వాళ్ళు చెప్పింది నీ మాటల్లో తిరిగి అప్పజెప్పు. సిగ్గుగా ఉంటుంది. ఉండనీ. అంకెల దగ్గర మరీ జాగ్రత్త. వాళ్ళు ఇరవై అయిదుని "అయిదూ ఇరవై" అంటారని నువ్వే చెప్పావు, ఎవరైనా తూకం చదువుతుంటే కాగితం మీద రాసి చూపించమను.

నవంబర్లో గీసెన్ వెళ్ళి, జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ మ్యూజియం ఫొటోలు పంపావు చూడు, అవి నా ఫోన్‌లో ఇంకా ఉన్నాయి. సైనికుల పాత కాపలా గదిని ల్యాబ్ చేసుకుని పిల్లలకి చేతులతో కెమిస్ట్రీ నేర్పించిన చోటు. 1824లో అక్కడికి ప్రొఫెసర్‌గా వచ్చేనాటికి లీబిగ్‌కి 21 ఏళ్ళు, నీకంటే రెండేళ్ళు చిన్న. ఆయన అంతకుముందు ఎక్కడ చదివాడో తెలుసా? పారిస్‌లో, గే-లుసాక్ అనే శాస్త్రవేత్త దగ్గర, ఫ్రెంచిలో. మీ హెస్సెన్ రాష్ట్రం కుర్రాడే.

ఆ ఫొటోల్లో అయిదు గాజు బుడగల గొట్టం ఒకటుంది. పదార్థాన్ని కాల్చగా వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ని ఆ బుడగల్లోని పొటాష్ ద్రావణం పట్టేస్తుంది, గొట్టం బరువు ఎంత పెరిగిందో చూసి కర్బనం లెక్క కడతారు. దాన్ని చూడగానే నాకు మా హైస్కూల్ మాస్టారు గుర్తొచ్చారు. ఆయన దాన్ని "బొగ్గుపులుసు వాయువు" అనేవారు. మేం నవ్వేవాళ్ళం, పులుసేమిటి అని. మీ సూపర్‌మార్కెట్‌లో సోడా నీళ్ళ సీసా మీద ఉండే "కోలెన్‌జోయిరె"కి అర్థం చూశావా? బొగ్గు పులుపు! ఆక్సిజన్ వాళ్ళకి "జౌయర్‌ష్టోఫ్", పులుపు పదార్థం, మాస్టారికి ఆమ్లజని. ఆమ్లాలన్నిట్లోనూ ఆక్సిజన్ ఉంటుందని ఫ్రెంచి శాస్త్రవేత్త లవోజియే పొరబడ్డాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో లేదు కదా. ఆ పొరపాటు ఫ్రెంచిలోంచి జర్మన్‌లోకీ, తెలుగులోకీ భద్రంగా దిగిపోయింది. "సార్, సోడియంకి ఎన్‌ఏ ఎందుకు?" అని ఏటా ఒకడు అడుగుతాడు. మీ క్లాసులో ఆ ప్రశ్నే ఉండదు, వాళ్ళకది నాట్రియుమ్. ఎలక్ట్రాన్లు ఏ వరసలో నిండుతాయో చెప్పే ఆఫ్‌బౌ సూత్రం దగ్గర "ఆఫ్‌బౌ ఏ దేశం శాస్త్రవేత్త సార్?" అని అడిగినవాడు కూడా ఉన్నాడు. కట్టడం అని అర్థమొచ్చే మామూలు మాట అని నువ్వు చెప్పేదాకా నాకూ గట్టిగా తెలియదులే.

లీబిగ్ కాల్చి తూచిన పద్ధతినే తర్వాత ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ప్రెగెల్ అనే శాస్త్రవేత్త కొన్ని మిల్లీగ్రాములతో చేసి చూపించాడు, 1923లో నోబెల్ వచ్చింది. ఆయన దగ్గరికి వెళ్ళి ఆ పని నేర్చుకున్నవాళ్ళలో టి.ఆర్. శేషాద్రి గారు ఒకరు. 1933లో శేషాద్రి గారు విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరి కెమిస్ట్రీని నిలబెట్టారు. నేను "రూల్ సార్" అన్నది ఆ డిపార్ట్‌మెంట్‌లోనే. జర్మన్ మాట్లాడే ఊరికి మనవైపు నుంచి కెమిస్ట్రీ కోసం బయల్దేరిన మొదటిదానివేం కాదు నువ్వు.

డబ్బు గురించి రెండు మాటలు. వీసా కోసం తెరిచిన బ్లాక్డ్ అకౌంట్‌లో మనం వేసిన 11,904 యూరోల్లోంచి నెలకి 992 వస్తున్నాయి కదా, తిండి తగ్గించకు. ట్యూషన్ ఫీజు లేని చదువు అది, లోన్ సంగతి నేను చూసుకుంటాను. గోడౌన్‌లో రాత్రి షిఫ్టులు మళ్ళీ పరీక్ష రాసేదాకా వద్దు. తర్వాత కూడా నీ చదువుకి దగ్గరగా యూనివర్సిటీలోనే ఏదైనా దొరుకుతుందేమో చూడు. ఇంగ్లీషులో చెప్పే కోర్సుకి వెళ్ళమని నేను పట్టుబట్టాను, నువ్వు జర్మన్‌లోనే అన్నావు. "చెప్పానా" అని ఇప్పుడు అంటానేమోనని ఫోన్‌లో భయపడ్డావు. అనను. ఆ రోజు నాది భయం, నీది నిర్ణయం.

అమ్మకి ఒక సందేహం. మీ ల్యాబ్‌లో "రోటి దగ్గర గంట క్యూలో నిలబడ్డాను" అన్నావట. అది ద్రావణి ఆవిరి చేసే రోటరీ ఎవాపరేటర్ ముద్దుపేరని చెప్పినా నమ్మడం లేదు. రోలు దొరికితే పచ్చడి చేసుకోమంటోంది.

చివరగా నాకో పని చేసిపెట్టు. బీరువా సర్దుతుంటే నా 1989 ప్రాజెక్టు నోటుపుస్తకం దొరికింది. అప్పట్లో లైబ్రరీలో కర్బన సమ్మేళనాల వివరాలుండే బైల్‌స్టైన్ గ్రంథం పాత సంపుటాలన్నీ జర్మనే, మా సమ్మేళనం వివరాలు అక్షరం అక్షరం చూసి దించుకున్నాను. "ఫార్బ్‌లోజె నాడెల్న్" అంటే రంగులేని సూదులని నిఘంటువు పట్టుకుని రాబట్టాను. దాని కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి, ముప్ఫై ఆరేళ్ళయినా నాకు అంతుపట్టలేదు. ఆ పేజీ కూడా ఫొటో తీసి పంపుతున్నాను. తీరిగ్గా చదివి, ఏం రాశానో చెప్పు.

నాన్న