నొప్పి తగ్గించే సిస్టర్లకి కాస్త టైం ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది ఆంధ్ర బోర్డర్‌లో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడి, గజపతి జిల్లా. ఆస్పత్రుల్లో బెడ్లు లేవు డాక్టర్లు లేరు అని వార్తలొస్తూనే ఉంటాయి, అవీ నిజమే, కానీ పేషెంటు నొప్పి గురించి ఎవరూ రాయట్లేదండి.

మా పెద్దమ్మకి కడుపు ఆపరేషన్ అయినప్పుడు పక్కన నేనే ఉన్నా, దగ్గొస్తే చాలు కుట్ల దగ్గర చెయ్యేసుకుని ఏడ్చేసేది, తర్వాతి ఇంజెక్షన్‌కి ఇంకా టైం ఉంది. నైట్ డ్యూటీ సిస్టర్ వచ్చి దిండు మడిచి కుట్ల మీద ఆనించి, రెండు చేతుల్తో అదిమిపట్టుకుని అప్పుడు దగ్గమంది, మోకాళ్ల కింద ఇంకో దిండు పెట్టింది, ముక్కుతో గాలి పీల్చి నోటితో మెల్లగా వదలడం తనే చేసి చూపించింది. ఆవిడ ఒడియా ఆవిడ, తెలుగు అంతంతమాత్రం, అంతా సైగలే. నొప్పి మొత్తం పోలేదు గానీ పెద్దమ్మకి కాస్త కునుకు పట్టింది.

ఇలాంటివి చిట్కాలని తీసిపారెయ్యకండి. నిమిరితే, కాపడం పెడితే నొప్పి కబురు వెన్నుపాము దగ్గరే కొంత ఆగుతుందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లోనే వివరించారు. పురుటి నొప్పులకి మసాజ్, వేడి కాపడం, శ్వాస పద్ధతులు వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. మందులు మానెయ్యమని నేననట్లేదు, మందుతో పాటు ఇవీ ఉండాలంటున్నా. పైగా ఇవి తెలిసినవాళ్లే చెయ్యాలి, షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకి వేడినీళ్ల బ్యాగ్ పెడితే కాలినా తెలీదు, కాలి నరంలో రక్తం గడ్డకట్టిందని డౌటుంటే అక్కడ మసాజ్ అస్సలు చెయ్యకూడదు.

మరి సిస్టర్‌కి మంచం దగ్గర నిలబడే తీరిక ఏదండీ? జనరల్ ఆస్పత్రిలో 5 మంది పేషెంట్లకి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. రాత్రిపూట ఏ వార్డుకైనా వెళ్లి చూడండి, ఒక్కావిడే సెలైన్లు మార్చాలి, రిజిస్టర్లు రాయాలి, ఫోన్లు ఎత్తాలి. ఇక మా బోర్డర్‌లో భాష గొడవొకటి, సవర భాష మాట్లాడే గిరిజన ముసలమ్మ కొండ దిగొస్తే తన నొప్పి ఎంతో ఎవరికి చెప్పుకుంటుంది? నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా బొమ్మలున్న చార్టు ఉంటుంది కదా, వేలుతో చూపిస్తే చాలు, అది ప్రతి వార్డులో పెట్టడానికి ఏమంత ఖర్చు?

కాన్పు గదిలో తోడుగా ఒకరిని ఉండనివ్వాలని కేంద్రం 2017లో తెచ్చిన లక్ష్య కార్యక్రమంలోనే ఉంది, అయినా కొన్నిచోట్ల పురిటికొచ్చిన అమ్మాయి తల్లిని కూడా గుమ్మం దగ్గరే ఆపేస్తున్నారు. నడుం నిమిరే చెయ్యి అక్కడే కదండీ కావాలి.

రాత్రి షిఫ్టులో వార్డుకి ఎంతమంది సిస్టర్లున్నారో మీ విలేకరి జిల్లా అధికారుల్ని అడిగి, ఆ లెక్క పేపర్లో వెయ్యండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, పర్లాకిమిడి