మెలిక్ గన్‌బోటు కిట్‌లో వచ్చిన తప్పు భాగాలపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 1:72 స్కేలు ‘మెలిక్’ నైలు నది గన్‌బోటు చెక్క కిట్ – వెనక భాగం వేరే పడవది రావడం గురించి.

అయ్యా,

పోయిన నెల మీ దగ్గర 6,800 రూపాయలు పెట్టి ఈ కిట్ కొన్నాను. బిల్లు, ఫొటోలు జతచేశాను. రెండుసార్లు ఫోన్ చేసినా పని జరగలేదు కాబట్టి ఈసారి రాతపూర్వకంగా ఇస్తున్నాను.

పెట్టె మీద మెలిక్ అని ఉంది. లోపల మాత్రం పడవ వెనక బిగించడానికి ఎర్ర రంగు వేసిన పెద్ద తెడ్ల చక్రం ఉంది. మెలిక్‌కి చక్రం లేదండీ. 1896-97లో థార్నీక్రాఫ్ట్ వాళ్లు లండన్ దగ్గర చిస్విక్‌లో కట్టిన ఆ పడవకి రెండు ప్రొపెల్లర్లు. దాని తోబుట్టువులు సుల్తాన్, షేక్ కూడా అంతే. వెనక చక్రం ఉన్నవి ఫతే, నాసిర్, జాఫిర్. అవి వేరే తరగతి. మీరు ఇచ్చిన పడవ పొడవు కొలిచాను, 61 సెంటీమీటర్లు. అసలు పడవ 145 అడుగులు, అందులో 72వ వంతు అంతే, కాబట్టి లెక్క సరిపోయింది. అంటే కొలతలు మెలిక్‌వి, తోక ఫతేది!

ఇది చిన్న తేడా కాదు. నేను ధవళేశ్వరంలో ఇరిగేషన్ శాఖలో చేసి రిటైరయ్యాను. వేసవిలో గోదావరిలో లాంచీ ఇసుక మేటకి తగిలితే సరంగు పడే టెన్షన్ కళ్లారా చూసినవాణ్ణి. మెలిక్ నీటిలో మునిగేది రెండు అడుగులే. అంత తక్కువ లోతులో ప్రొపెల్లర్ తిరగాలంటే, అది పడవ అడుగు కంటే కిందికి దిగకూడదు. అందుకే అడుగుభాగాన్ని వెనకవైపు సొరంగంలా పైకి వంచి, అందులో ప్రొపెల్లర్లు పెట్టారు. అవి తిరగడం మొదలవగానే నీరు పైకి లాక్కొచ్చి ఆ సొరంగం నిండుతుంది. నేను ఈ కిట్ కొన్నదే ఆ వంపు నా చేత్తో కట్టాలని. మీరు పంపిన చివరి అయిదు ఫ్రేములూ (పడవకి పక్కటెముకల్లాంటి అడ్డ చెక్కలు) అడుగున చపాతీ పీటలా చదునుగా ఉన్నాయి.

ఇంకోటి, హోవిట్జర్ (గుండును ఎత్తుగా విసిరే పొట్టి ఫిరంగి) అని రాసిన ప్యాకెట్‌లో హోవిట్జర్ లేదు. ముందే ఇచ్చిన 12 పౌండర్ ఫిరంగినే రెండోసారి పెట్టారు.

మొదటిసారి ఫోన్ చేస్తే మీ ఆఫీసు అమ్మాయి, “అన్‌బాక్సింగ్ వీడియో ఉందా సార్?” అంది. లేదమ్మా, ఇది కొరియర్‌లో విరిగింది కాదు, డిజైనులోనే తప్పు అని చెప్పాను. రెండోసారి మాట్లాడినాయన, “చక్రం ఉంటే షోకేసులో అందంగా ఉంటుంది కదండీ” అన్నాడు.

ఆయనకి చెప్పండి, ఇది షికారు పడవ కాదు. బ్రిటిష్ వాళ్లు ముక్కలుగా తెచ్చి, ఎడారి రైలు మీద ఎక్కించి, నైలు ఒడ్డున అబాదియా దగ్గర మళ్లీ బిగించి సూడాన్‌ను గెలవడానికి నైలులోకి దింపిన పడవ. 1898 సెప్టెంబరు 2న సూడాన్‌లోని ఓమ్‌దుర్మాన్ దగ్గర జరిగిన యుద్ధంలో ఒక్క పూటలో పదివేలకు పైగా సూడాన్ వాళ్లు చనిపోయారు. ఆ రోజు నది మీంచి కాల్చిన పడవల్లో ఇదొకటి. తెల్లదొరల మీద మోజుతో నేను దీన్ని కట్టడం లేదు. ఆ పని ఏ యంత్రంతో చేశారో మనవడికి ఉన్నదున్నట్టు చూపించాలని కడుతున్నాను. అందం కోసం చక్రం తగిలిస్తే వాడికి నేనేం చెప్పాలి?

సొరంగం వంపు ఉన్న సరైన వెనక ఫ్రేములు, రెండు ప్రొపెల్లర్లు, ఒక హోవిట్జర్, సరిచేసిన సూచనల పుస్తకం 15 రోజుల్లో పంపండి. పంపలేకపోతే కిట్ మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వండి. రెండూ జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. పెట్టె మీద పేరు, లోపలి చక్రం రెండూ ఒకే ఫొటోలో ఉన్నాయి కాబట్టి అక్కడ ఎక్కువ మాట్లాడాల్సిన పని ఉండదు.

ఫ్రేములకి ఇంకా జిగురు పెట్టలేదు. బట్టల క్లిప్పులతో నిలబెట్టి ఉంచాను.

ఇట్లు,
మీ కస్టమర్,
రాజమహేంద్రవరం