విషయం: డిష్ బూస్టరుకు తప్పుడు స్టిక్కరు – డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

మాది చెన్నై వేళచ్చేరి. డిష్ నాలుగో అంతస్తు మేడ మీద, టీవీ ఏమో కింద, అమ్మ గదిలో. మధ్యలో నలభై మీటర్ల కేబుల్. నెల్లూరు నుంచి వచ్చిన అమ్మకు సప్తగిరి ఛానెల్ కావాలని డీడీ ఫ్రీ డిష్ పెట్టించాను. మబ్బు పట్టినప్పుడల్లా బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోయేది. అందుకే సిగ్నల్ బలం పెంచే మీ బూస్టరు రిచీ స్ట్రీట్‌లో 850 రూపాయలకు కొన్నాను. దానికి అంటించిన స్టిక్కరు మీద ‘డిష్‌కూ యాంటెన్నాకూ’ అని ఉంది.

బిగించగానే ఉన్న బొమ్మ కూడా పోయింది. మీ సహాయ కేంద్రానికి ఫోను చేస్తే డిష్ పక్కకు జరిగి ఉంటుందన్నారు. ఆ మాట నమ్మి మెకానిక్‌ను పిలిపించాను. ఆగ్నేయంగా, బాగా ఎత్తున ఉండే జీశాట్-15 ఉపగ్రహం వైపు సరిగ్గా తిరిగి ఉన్న డిష్ నట్లన్నీ విప్పి, రెండు గంటలు అటూ ఇటూ తిప్పి, చివరికి మొదటి చోటనే బిగించి 500 తీసుకుని వెళ్లాడు. సిగ్నల్ మాత్రం సున్నా.

ఆదివారం నేనే మీటరు పట్టుకుని మేడెక్కాను. సెట్‌టాప్ బాక్సు నుంచి పైకి వచ్చే వైరులో 18 వోల్టులు ఉన్నాయి. బూస్టరు దాటాక ఏమీ లేదు. డిష్ ముందుండి సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ పనిచేసేదే ఆ కరెంటుతో. అనుమానం వచ్చి స్టిక్కరు అంచును గోటితో లేపాను. కింద రేకు మీద అచ్చు వేసి ఉంది: 47–862 మెగాహెర్ట్జ్. అది మామూలు యాంటెన్నాకు, కేబుల్ టీవీకి సరిపోయేది. ఎల్‌ఎన్‌బీ నుంచి దిగే సిగ్నల్ 950–2150 మెగాహెర్ట్జ్‌లో ఉంటుంది. డిష్‌కు పనికిరాని వస్తువని రేకు మీద రాసి ఉండగా, దాన్ని స్టిక్కరుతో కప్పి అమ్మారు. ఇది పొరపాటంటే నేను ఒప్పుకోను.

బూస్టరు తీసి వైరును నేరుగా ఎల్‌ఎన్‌బీకి కలపగానే బొమ్మ వచ్చింది. పది రోజులు నల్లటి తెర ముందు కూర్చున్న అమ్మ ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ‘పోనీలే నాయనా’ అంది. నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

బూస్టరు ధర, మెకానిక్ కూలి కలిపి 1,350 రూపాయలు 15 రోజుల్లో చెల్లించండి. ఆ స్టిక్కరుతో దుకాణాల్లో ఉన్న సరుకు వెనక్కి తీసుకోండి. లేకుంటే 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. ఇకనైనా డిష్ తిప్పించమని చెప్పే ముందు, బూస్టరు తీసేసి చూశారా అని అడగమని మీ సిబ్బందికి చెప్పండి.

ఇట్లు,
మీ వినియోగదారు,
వేళచ్చేరి, చెన్నై

జతపరచినవి: బిల్లు నకలు, స్టిక్కరు లేపక ముందు, లేపిన తరువాత తీసిన ఫొటోలు.