టీవీ పవర్ బోర్డు లోపం, మీ సర్వీస్ విభాగం తీరుపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: బాగుచేయగల బోర్డును పరీక్షించకుండానే పనికిరాదని తేల్చడం గురించి.

ఆర్యా,

నాలుగేళ్ల క్రితం కొన్న మీ టీవీ రెండు నెలల పాటు సరిగా ఆన్ కాలేదు. స్విచ్ వేయగానే ఎర్ర లైటు మిణుకుమిణుకుమనేది, లోపల రిలే (విద్యుత్తుతో పనిచేసే స్విచ్) టిక్కుటిక్కుమని కొట్టుకునేది, బొమ్మ మాత్రం వచ్చేది కాదు. మొదట్లో ఐదు నిమిషాలు ఆగితే వచ్చేది. పోనుపోను అరగంట పట్టసాగింది, అదీ చలిగా ఉన్న ఉదయాల్లో మరీ ఆలస్యమయ్యేది. కాస్త వేడెక్కాక పనిచేసే సెట్టు అంటే ముందుగా పవర్ సప్లైలోని కెపాసిటర్లను (విద్యుత్తును నిల్వ ఉంచే భాగాలను) అనుమానించాలన్నది ఈ పని తెలిసినవారికి కొత్త విషయం కాదు.

ఈ లక్షణాలన్నీ వివరంగా చెప్పినా, మీరు పంపిన టెక్నీషియన్ రిమోట్ రెండుసార్లు నొక్కి చూసి, వెనక మూతకున్న ఒక్క స్క్రూ కూడా విప్పకుండా, బోర్డు పోయిందని, ఈ మోడల్‌కు బోర్డులు రావడం లేదని, కొత్త టీవీ కొనుక్కోవడమే మేలని చెప్పి, తనిఖీ రుసుము మాత్రం తీసుకుని వెళ్లారు. మీటరు ఆయన సంచిలోనే ఉండిపోయింది.

వారంటీ ఎలాగూ ముగిసింది కనుక, ఎలక్ట్రానిక్స్ పనిలో కొంత అనుభవమున్న నేను ప్లగ్గు తీసేసి, పెద్ద ఫిల్టర్ కెపాసిటర్‌ను రెసిస్టర్ ద్వారా డిశ్చార్జ్ చేసి, వోల్టేజి సున్నాకు వచ్చిందని మీటరుతో నిర్ధారించుకున్నాకే బోర్డును ముట్టుకున్నాను. లోపం వెతకాల్సిన అవసరమే రాలేదు. హీట్ సింక్ (వేడిని లాగేసే లోహపు పలక) పక్కనున్న రెండు కెపాసిటర్ల తలలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఒకదాని తలమీది గాట్లలోంచి ద్రవం కారి, గోధుమరంగు పెచ్చులా ఎండిపోయింది. టీవీ ఆన్ కాకముందు కూడా కరెంటు అందించే, 5 వోల్టులు ఉండాల్సిన స్టాండ్‌బై లైను అంతకుముందే, ప్లగ్గు ఉన్నప్పుడు, నిలకడ లేకుండా 3.6 దగ్గర ఊగుతూ కనిపించింది.

ఆ రెండింటి మీదా 1000 మైక్రోఫారడ్లు, 10 వోల్టులు, 85 డిగ్రీలు అని ఉంది. 5 వోల్టుల లైనుకు 10 వోల్టుల కెపాసిటర్ వాడటాన్ని నేను తప్పుపట్టను. నా అభ్యంతరమంతా ఉష్ణోగ్రత గురించే. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్న లెక్క మీ ఇంజనీర్లకు తెలియనిది కాదు. అయినా 85 డిగ్రీల రకాన్ని ఎంచుకుని, దాన్ని హీట్ సింక్‌కు అగ్గిపుల్ల మందం దూరంలో నిలబెట్టారు. నేను అదే విలువగల, 105 డిగ్రీలు తట్టుకునే, ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) తక్కువగా ఉండే 16 వోల్టుల రకాన్ని, నెగెటివ్ గీత సరిచూసుకుని, హీట్ సింక్‌కు కాస్త ఎడంగా వంచి సోల్డర్ చేశాను. లైను 5.1 వోల్టులకు వచ్చింది. మూడు వారాలుగా స్విచ్ వేసిన వెంటనే టీవీ ఆన్ అవుతోంది.

ఇంట్లో విప్పడం ప్రమాదం కదా అని మీరు అనవచ్చు; నిజమే. ప్లగ్గు తీశాక కూడా ఆ పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు, అది ప్రాణాంతకం కూడా. అందుకే ఈ పని మీ టెక్నీషియన్ చేయాల్సింది.

కనుక ఏ పరీక్షా చేయకుండా వసూలు చేసిన తనిఖీ రుసుమును వాపసు చేయవలసిందిగా, ఇదే బోర్డు ఉన్న ఇతర సెట్లలో ఈ కెపాసిటర్లను ఉచితంగా మార్చే ఏర్పాటు చేయవలసిందిగా, బోర్డు దొరకదని చెప్పేముందు మూత తీసి వోల్టేజీలు కొలవాలని మీ సిబ్బందికి రాతపూర్వకంగా ఆదేశించవలసిందిగా కోరుతున్నాను. ఈ మోడల్ సర్క్యూట్ డయాగ్రమ్ కూడా అడిగినవారికి అందుబాటులో ఉంచాలి. బోర్డు ఫొటోలు, రుసుము రసీదు నకలు జతచేస్తున్నాను. ఊడదీసిన రెండు కెపాసిటర్లు నా దగ్గరే భద్రంగా ఉన్నాయి. మీ ఇంజనీర్లు పరిశీలిస్తామంటే పంపగలను. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ వినియోగదారుడు