లైట్‌హౌస్ సెట్‌తో వినాయక చవితి: మా వీధి జమా ఖర్చులు

వీధిలో అందరికీ నమస్కారం. ఈ ఏడాది చవితి లెక్కలివి.

పోయినేడు మిగిలింది రూ. 6,350. ఇళ్ల చందాలు 1,12,500, కొట్లవాళ్లు ఇచ్చింది 21,000, లడ్డూ పాటలో 34,000. మొత్తం జమ 1,73,850. పాట డబ్బు పాడినవారు అక్కడికక్కడే కట్టేశారు. దీపావళి దాకా వెంటపడే పని తప్పింది.

ఇక అందరూ అడుగుతున్న సెట్ సంగతి. అనుకున్నది 40,000, అయింది 52,400. పిల్లలు పట్టుబట్టింది ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రేవు లైట్‌హౌస్. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఫారోస్ ద్వీపం మీద కట్టిన దానికి మూడు అంతస్తులు: కింద చదరం, మధ్యలో ఎనిమిది పలకలు, పైన గుండ్రం. చదరం వరకూ వెదురుతో సరిపోయింది. పలకల దగ్గరే ప్లైవుడ్ కోతలు, కూలీ పెరిగాయి. పైగా ఆ వారం సముద్రపు గాలికి సెట్ ఊగుతోంటే లోపల ఐరన్ యాంగిల్స్ వేయించాం. కింద పిల్లలు ఆడుకుంటుంటే పొదుపు చూస్తామా?

లైటుకు, మోటారుకు 7,850. బల్బు కదలదు, దాని చుట్టూ రేకు తిరుగుతుంది. మోటారు పాత సామాన్ల కొట్లో దొరికిన కారు వైపర్‌ది. ఆ కాలంలో పైన మంట వెలిగేది కదా, ఈ తిరిగే లైటేమిటని ఒక మాస్టారు అడిగారు. నిజమే, కానీ పందిట్లో మంట పెట్టలేం కదండీ.

మన విశాఖలోనే డాల్ఫిన్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ ఉండగా పరాయి ఊరిదెందుకని కొందరన్నారు. అందుకే ఆ కొండ మీది 1957 నాటి మన లైట్‌హౌస్ ఫొటోతో ముందు ఫ్లెక్సీ పెట్టాం. దాని ఖర్చూ సెట్‌లోనే ఉంది.

మట్టి విగ్రహం 18,000. షామియానా, మైకు, సీరియల్ లైట్లు 31,000. అన్నదానం 38,600. పూజ సామగ్రి, పంతులుగారి సంభావన 9,700. నిమజ్జనం బండి 6,000. మొత్తం ఖర్చు 1,63,550. నిల్వ 10,300, కమిటీ ఖాతాలో ఉంది.

ఫారోస్ లైట్‌హౌస్ 14వ శతాబ్దపు భూకంపాలకు కూలిపోతే, తర్వాతి శతాబ్దంలో దాని రాళ్లు వాడుకుని అక్కడే కైత్‌బే కోట కట్టారు. మన ప్లైవుడ్, యాంగిల్స్ కూడా కమ్యూనిటీ హాల్లో భద్రంగా ఉన్నాయి. వచ్చే ఏడు సెట్‌కు అవే వాడతాం. బిల్లులు కోశాధికారి దగ్గరున్నాయి, ఆదివారం ఉదయం ఎవరైనా చూసుకోవచ్చు.