చెదల మందు కొట్టే రోజు నువ్వు ఆ ఇంట్లో ఉండొద్దు

తల్లీ,

వచ్చే వారం ఫ్లాట్‌కి చెదల మందు కొట్టిస్తున్నాం నాన్నా అని నిన్న ఫోన్లో మామూలుగా చెప్పేసి పెట్టేశావ్ గానీ నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నా, మొత్తం చదువు. నీకిప్పుడు మూడో నెల. గోడ వార రంధ్రాలు పెట్టి పోసే ఆ మందు పేరేంటో అడుగు, క్లోరోపైరిఫాస్ అంటే మాత్రం వద్దని చెప్పెయ్యమను అల్లుడు గార్ని.

ఆ మందు నాకు బాగా తెలుసు. 97లో పత్తికి శనగపచ్చ పురుగు పట్టి రైతులు కుదేలైపోయిన ఏడు నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నావ్. డ్రమ్ములో మందు పొయ్యగానే నీళ్ళు పాలలాగా తెల్లబడేవి, మీ అమ్మే బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి కర్రతో కలిపేది, సాయంత్రం నా చొక్కా కూడా తనే ఉతికేది. వద్దని చెప్పినవాళ్ళు లేరు. నువ్వు చక్కగా పుట్టావ్, చదువుకున్నావ్, అయినా ఆ డ్రమ్ము గుర్తొస్తే నాకు ఇప్పటికీ గుండె గుబేలుమంటుంది.

న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు గర్భిణుల్ని, ఆ తర్వాత పుట్టిన పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. బొడ్డుతాడు రక్తంలో ఈ మందు ఎక్కువ కనిపించిన పిల్లలు ఏడేళ్ళ వయసులో తెలివితేటలు, జ్ఞాపకశక్తి పరీక్షల్లో వెనకపడ్డారని 2011లో చెప్పారు. అమెరికాలో ఇళ్ళల్లో వాడకానికి అమ్మడం 2001 చివరికే ఆపేశారు, యూరప్‌లో 2020లో తీసేశారు, మన దగ్గర ఇంకా దొరుకుతూనే ఉంది.

తల్లికేం కానిది బిడ్డకెలా అవుద్ది అంటావేమో. నువ్వు టెన్త్‌లో ఉన్నప్పుడు పక్క చేలో వాళ్ళు టూ ఫోర్ డీ కలుపు మందు కొడితే గాలికి కాస్తంత మన పత్తి మీద పడింది గుర్తుందా, అది మొక్కల హార్మోనుకి నకలు లాంటిది. ముదురాకులు నిక్షేపంలా ఉన్నాయి, ఆ తర్వాత వచ్చిన ప్రతి లేతాకూ బెండాకులా సన్నగా చీలి ముడుచుకుపోయింది. పడింది ఎంతని, చుక్కలు కూడా కనపళ్ళేదు. హార్మోన్ల పనే అంత, రవ్వంతతో జరగాల్సింది జరుగుద్ది, రవ్వంతతో తప్పిపోద్ది, అదీ పెరిగే దశలో.

అందుకే నీ థైరాయిడ్ మాత్ర ఒక్క రోజు కూడా మానకు. బిడ్డ సొంత థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పని అందుకునేసరికి అయిదో నెల వచ్చేస్తుంది, అప్పటిదాకా ఆ మెదడు కట్టుకోడానికి ముఖ్యంగా నీ రక్తంలోంచి వెళ్ళే హార్మోనే దిక్కు. కొన్ని రకాల ప్లాస్టిక్‌లో ఉండే బీపీఏ లాంటి రసాయనాలు కూడా హార్మోన్లలాగా నటించి శరీరాన్ని తికమక పెడతాయి, వేడికి ఎక్కువ దిగుతాయి, కర్రీ పాయింట్ నుంచి కాగే సాంబారు కవర్లో కట్టించుకురావడం ఆపండి, స్టీలు క్యారేజీ పట్టుకెళ్ళమను. మిగతావన్నీ ఒక్క రోజులో మార్చేయమని నేననను, భయపడకు.

శనివారం పొద్దున బస్సుకి నేనొస్తున్నా. రెండు జతల బట్టలు సర్దుకో, వాళ్ళ పని అయిపోయి వాసన పూర్తిగా పోయేదాకా ఇక్కడే ఉందువు. చేను ఊరికి దూరమే, ఇప్పుడు మందు కొట్టే రోజులు కూడా కాదు. నా పొలం చొక్కాలు పాకలోనే ఉంటాయి, ఎన్నేళ్ళైందో అవి ఇంటి దండెం మీదకి వచ్చి.

నాన్న